బాప్తిస్మం తర్వాతే కష్టాలు పెరిగాయి, వదిలేసిన అలవాటు మళ్ళీ పట్టుకుంది. ఇందులో దేవుని ఉద్దేశం ఏమిటి?

వందనాలండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ముందు చెప్తాను. బాప్తిస్మం తీసుకుని రెండేళ్ళు కూడా కాలేదు, కంపెనీ మనుషుల్ని తగ్గించినప్పుడు ఉద్యోగం పోయింది, అమ్మగారికి కిడ్నీల జబ్బు బయటపడి డయాలసిస్ మొదలైంది, ఎప్పుడో మానేశాననుకున్న అశ్లీల వీడియోల అలవాటు రాత్రుళ్ళు మళ్ళీ మొదలైంది. "దేవుడు నన్ను పరీక్షిస్తున్నాడా, శిక్షిస్తున్నాడా, లేక నా విశ్వాసమే ఉత్తిదా? ఉద్దేశం అంటూ ఉంటే నాకెందుకు కనబడట్లేదు? సంఘంలో పాటలు నడిపిస్తాను, మానేయాలా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇది శిక్ష కాదు. మీ విశ్వాసం ఉత్తిది కాదు, ఉత్తిదైతే మీకు ఈ బాధే ఉండేది కాదు. ఇక ఉద్దేశం సంగతి: ప్రతి కష్టంలోనూ దాన్నుంచి త్వరగా బయటపడేసే అడ్డదారి ఒకటి కనబడుతుంది. కష్టాన్ని దేవుడు మనల్ని నిలబెట్టడానికి వాడుకుంటాడు, అడ్డదారిలోకి మన కోరికే మనల్ని లాగుతుంది. ఆ దారి పట్టకుండా ఆగిన చోటే ఉద్దేశం మొదలవుతుంది. కూర్చుని ఆలోచించి కనిపెట్టే విషయం కాదది. చాలాసార్లు ముందే తెలియదు కూడా.

నేను చాలా ఏళ్ళుగా సంఘంలో పెద్దగా ఉన్నాను, ఎక్కువ సమయం ఆసుపత్రుల్లో రోగుల పక్కన, తాగుడో మరొకటో మానడానికి అవస్థ పడుతున్నవాళ్ళ పక్కన గడిచింది. కింద రాసేదంతా వాక్యంలో చదివి, ఆ మనుషుల జీవితాల్లో చూసినదే.

ముందు ఈ శిక్ష అనే భయం తీసేద్దాం, ఎందుకంటే ఇది మనసులో ఉన్నంతకాలం ప్రార్థన కూడా సరిగ్గా సాగదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఇతను పాపం చేశాడా, ఇతని తల్లిదండ్రులు చేశారా అని అడిగితే యేసు ఇద్దరూ కాదన్నాడు (యోహాను 9). సిలోయములో గోపురం కూలి చనిపోయిన ఆ పద్దెనిమిది మంది మిగతావాళ్ళకంటే పెద్ద పాపులనుకుంటున్నారా, కాదు అని ఆయనే చెప్పాడు (లూకా 13). మన దగ్గర మాత్రం ఇప్పటికీ ఎవరికి జబ్బు చేసినా "ఏదో దాచిన పాపం ఉండుంటుంది" అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళ మాట వినకండి. ఇక బాప్తిస్మం తర్వాతే కష్టాలొచ్చాయన్నది మీకు వింతగా ఉంది కానీ, మత్తయి మూడో అధ్యాయం చివర, నాలుగో అధ్యాయం మొదలు కలిపి చదవండి. యేసు బాప్తిస్మం పొంది నీళ్ళలోంచి బయటికి వచ్చాడు, "ఈయనే నా ప్రియ కుమారుడు" అని పరలోకం నుంచి శబ్దం వినబడింది, ఆ వెంటనే అరణ్యం, నలభై రోజుల ఉపవాసం, సాతాను. ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళింది దేవుని ఆత్మే అని రాసుంది. తండ్రికి ఇష్టుడై ఉండడం, అరణ్యంలో ఉండడం ఒకేసారి జరగవచ్చు.

ఒక్క మినహాయింపు చెప్పాలి. మనం చేసిన తప్పుకు వచ్చిన ఫలితాన్ని "దేవుని పరీక్ష" అని పిలుచుకోకూడదు. ఆఫీసులో డబ్బు వాడుకుని ఉద్యోగం పోగొట్టుకున్నవాడు నన్ను దేవుడు పరీక్షిస్తున్నాడు అంటే అది సరికాదు, పేతురు తన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో ఈ తేడా స్పష్టంగా చెప్పాడు. అలాంటప్పుడు కూడా దేవుడు వదిలేయడు, అయితే అక్కడ మొదటి పని పశ్చాత్తాపం, పోయింది తిరిగి కట్టడం. మీది అలాంటిది కాదు కాబట్టి ముందుకెళ్తాను.

యాకోబు పత్రిక మొదటి అధ్యాయం తీయండి. నానా విధాలైన శోధనల్లో (ఈ మాటకి కష్టమనే పరీక్ష అనీ, పాపానికి లాగే ఆకర్షణ అనీ రెండర్థాలున్నాయి) పడినప్పుడు అది మహానందమని ఎంచుకోండి, ఎందుకంటే విశ్వాసానికి కలిగే పరీక్ష ఓర్పును పుట్టిస్తుంది అని మొదలుపెడతాడు. పది వచనాలు దాటాక అదే యాకోబు, శోధన వచ్చినప్పుడు నేను దేవునిచేత శోధింపబడుతున్నాను అనకండి, దేవుడు ఎవరినీ అలా శోధించడు, ప్రతివాడూ తన సొంత దురాశవల్ల ఈడ్వబడి మరులుకొల్పబడతాడు అంటాడు. ఈ రెండూ ఒకే అధ్యాయంలో ఎందుకున్నాయో నాకు వాక్యం చదివినప్పటికంటే మనుషుల దగ్గర కూర్చున్నప్పుడే బాగా తెలిసింది. జీవితంలో అవి విడివిడిగా రావు. మీ సంగతే చూడండి. ఉద్యోగం పోవడం పాపం కాదు. పగలంతా ఫోన్ మోగుతుందేమోనని చూడడం, మోగకపోవడం, ఇంట్లోవాళ్ళ ముఖం చూడలేకపోవడం, రాత్రి నిద్ర పట్టకపోవడం, ఇదీ కష్టం. రాత్రి పన్నెండింటికి అదే ఫోన్ చేతిలో ఉంటే, పది నిమిషాల పాటు ఈ అవమానం గుర్తుండదు అనే ఆశ చూపిస్తుంది. అదీ అడ్డదారి. మీరు రెండు సమస్యలు రాశారు గానీ నాకు ఒకే సమస్య కనబడుతోంది.

అరణ్యంలో యేసుకు వచ్చిన మూడు శోధనలూ ఇలాంటి అడ్డదారులే. రాళ్ళని రొట్టెలు చేసుకో అన్నాడు సాతాను, ఆకలేసినవాడికి రొట్టె కావాలి, తప్పేముంది? నాకు మొక్కితే లోకరాజ్యాలన్నీ ఇస్తానన్నాడు, అవి ఎలాగూ ఆయనవే కాబోతున్నాయి. సాతాను ఇస్తానన్నదాంట్లో చాలావరకు తండ్రి తన సమయంలో ఇవ్వబోయేదే, సిలువ లేకుండా ఇప్పుడే తీసుకోమన్నాడంతే. యేసు చెప్పిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండం 6, 8 అధ్యాయాల్లోవి, ఇశ్రాయేలు నలభై ఏళ్ళు అరణ్యంలో తిరిగినప్పటి సంగతి చెప్పే భాగాలు. అందులో ఎనిమిదో అధ్యాయం రెండు, మూడు వచనాల్లో మీరడిగిన ఉద్దేశం గురించి ఉన్నంత సూటిగా ఇంకెక్కడా లేదని నా అభిప్రాయం. నిన్ను అణచడానికి, నీ హృదయంలో ఏముందో తెలుసుకోవడానికి, మనిషి కేవలం ఆహారంవల్ల బతకడని నీకు తెలియజేయడానికి ఆ దారిలో నడిపించాడు అని. మన హృదయంలో ఏముందో దేవునికి ముందే తెలుసు. తెలియాల్సింది మనకి. ఉద్యోగం ఉన్నంతకాలం నా భద్రత ప్రభువే అని పాడతాం, నిజమో కాదో మనకే తెలియదు. పోయాక తెలుస్తుంది.

దీనికి నేను తరచూ సౌలు, దావీదుల కథ చెప్తాను. ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు గిల్గాలులో ఉన్నాడు, శత్రువులైన ఫిలిష్తీయులు దండెత్తి వచ్చారు, ప్రవక్త సమూయేలు వచ్చి బలి అర్పించేదాకా ఏడు రోజులు ఆగాలి. ఏడో రోజొచ్చింది, సమూయేలు రాలేదు, సైన్యం చెదిరిపోతోంది. సౌలు తానే దహనబలి అర్పించేశాడు. అర్పించడం ముగిసిందో లేదో సమూయేలు వచ్చాడు. (1 సమూయేలు 13 చదివితే గుండె కలుక్కుమంటుంది, ఇంకాసేపు ఆగుంటే సరిపోయేది.) సౌలు చేసింది చూడడానికి చెడ్డపని కూడా కాదు, బలి అర్పించడం భక్తే కదా. టెన్షన్ తట్టుకోలేక చేసిన భక్తి అది. పదకొండు అధ్యాయాలు దాటాక ఏన్గెదీ గుహలో దావీదు ఉన్నాడు. సౌలు తర్వాతి రాజుగా అభిషేకం అయిపోయింది, అయినా అడవుల్లో పారిపోతూ బతుకుతున్నాడు. తనని చంపడానికి మూడు వేల మందితో వచ్చిన సౌలు ఒంటరిగా అదే గుహలోకి వచ్చాడు. పక్కనున్నవాళ్ళు, ఇదిగో దేవుడు చెప్పిన రోజు ఇదే అన్నారు. గమనించండి, దేవుని పేరు మీదే చెప్పారు. దావీదు వస్త్రపు చెంగు మాత్రం కోశాడు, ఆ మాత్రం చేసినందుకే మనసు నొచ్చుకుంది, చంపనివ్వలేదు. సింహాసనం కొన్ని అడుగుల దూరంలో ఉంది, వద్దన్నాడు, మళ్ళీ అడవులకే వెళ్ళాడు. ఆ రోజు దావీదు చేతికి ఏమీ రాలేదు. అయినా రాజు కావడానికి కావాల్సిన మనిషి ఆ గుహలోనే తయారయ్యాడని నేను నమ్ముతాను. కష్టంలో ఉద్దేశం ఉంటుంది అంటే నా దృష్టిలో ఇదే.

ఇంకో మాట, అడ్డదారి ఎప్పుడూ పాపం రూపంలోనే రాదు. నా దగ్గరికి ఒకాయన వచ్చేవారు, అప్పుల్లో ఉన్నారు, వడ్డీలు కట్టలేక రాత్రుళ్ళు లేచి కూర్చునేవారు. ఆఫీసులో ఒక బిల్లు మీద సంతకం పెడితే చాలు, సగం అప్పు తీరే డబ్బు ఇస్తామన్నారు. "ఇది నా ప్రార్థనకి జవాబేమో" అన్నారు నాతో, నిజంగానే అలా అనుకున్నారు. నేను ఉపదేశం ఏమీ చేయలేదు, ఆ బిల్లులో రాసింది నిజమేనా అని మాత్రం అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. సంతకం పెట్టలేదు. మర్నాడు అద్భుతం ఏమీ జరగలేదు, అప్పు తీరడానికి ఏళ్ళు పట్టింది, భార్య నగలు పోయాయి, పిల్లల్ని స్కూలు మార్పించాల్సి వచ్చింది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, సాక్ష్యాలు చెప్పేటప్పుడు మనం కష్టం, ప్రార్థన, వెంటనే మేలు అని ముగిస్తాం. వినేవాళ్ళకి తమ జీవితంలో అలా జరగకపోతే విశ్వాసం మీదే అనుమానం వస్తుంది. ఆయన ఇప్పుడు అప్పుల్లో కూరుకున్న కుర్రాళ్ళతో కూర్చుని లెక్కలు రాయిస్తారు, అప్పిచ్చినవాళ్ళ దగ్గరికి వాళ్ళతో పాటు వెళ్తారు. వాళ్ళు నా మాట కంటే ఆయన మాటే వింటారు, వినాలి కూడా. దేవుడు మనల్ని ఏ ఆదరణతో ఆదరించాడో ఆ ఆదరణతోనే మనం ఇతరుల్ని ఆదరించగలమని 2 కొరింథీ మొదటి అధ్యాయంలో పౌలు రాసింది ఇదే.

ఉద్దేశం ముందే తెలియాలని పట్టుబట్టకండి. యోసేపుని సొంత అన్నలే బానిసగా అమ్మేసినప్పుడు పదిహేడేళ్ళు, ఐగుప్తు రాజు ఫరో ఎదుట నిలబడేటప్పటికి ముప్ఫై. మీరు కీడు తలపెట్టారు, దేవుడు దాన్ని మేలుకు ఉద్దేశించాడు అన్న మాట మనం అందరికీ చెప్తుంటాం. ఆ మాట ఆయన ఎప్పుడన్నాడు? అన్నలు ఎదురుగా ఉన్నప్పుడు, తండ్రి కూడా చనిపోయాక, ఆదికాండం చివరి అధ్యాయంలో. చెరసాలలో ఉన్నప్పుడు, విడుదల కాబోతున్న ఫరో పానదాయకుడితో (ద్రాక్షారసం అందించేవాడు) ఆయనన్న మాట వేరు: ఇక్కడ నన్ను వేయడానికి నేనేమీ చేయలేదు, నన్ను గుర్తు పెట్టుకుని ఫరోతో చెప్పి బయటికి తీయించు అన్నాడు. చెరసాలని చెరసాల అనే అన్నాడు. ఆ తర్వాత పానదాయకుడు మర్చిపోయాడు, ఇంకో రెండేళ్ళు గడిచాయి. ఏ తప్పూ లేకుండానే అన్నీ పోగొట్టుకున్న యోబుకైతే చివరిదాకా కారణం చెప్పలేదు. మొదటి రెండు అధ్యాయాల్లో పరలోకంలో జరిగిన సంభాషణ చదివే మనకి తెలుసు, యోబుకి తెలియదు. కారణం తెలియకపోయినా దేవుణ్ణి కలుసుకున్నాడు.

యోసేపు చెరసాలలో చేసిన ఒక చిన్న పని నాకు చాలా ఇష్టం, ఆదికాండం 40:7. పొద్దున్నే తోటి ఖైదీల దగ్గరికి వెళ్ళి, ఈ రోజు మీ ముఖాలు ఎందుకు చిన్నబోయి ఉన్నాయి అని అడిగాడు. తన మీద అబద్ధపు నింద ఉంది, ఇల్లు లేదు, ఎప్పుడు బయటికొస్తాడో తెలియదు, అయినా పక్కవాడి ముఖం చూశాడు. కథంతా ఆ ప్రశ్న దగ్గరే మలుపు తిరిగింది.

మీ అమ్మగారికి డయాలసిస్ అన్నారు కాబట్టి ఒకావిడ గురించి చెప్పాలి. వారానికి మూడుసార్లు, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు, చేతికి రెండు సూదులు, ఆ చెయ్యి కదపకూడదు. నేను చూడడానికి వెళ్ళినప్పుడు దిండు కింద చిన్న నోటుబుక్కు ఉండేది. ఎడమచేతికి సూదులు, కుడిచేత్తో పెన్సిల్. పక్క మంచాల వాళ్ళ పేర్లు అందులో రాసుకునేవారు, పేరు పక్కన ఒక్క ముక్క: "కొడుకు రాలేదు", "నిద్ర లేదు", "రేపు పరీక్ష ఫలితం". మిషన్ తిరుగుతున్నంతసేపూ వాళ్ళ కోసం ప్రార్థన చేసేవారు, బయటికి వినబడకుండా. ఎవరైనా కొన్నాళ్ళు కనబడకపోతే పేరు కొట్టేయకుండా నర్సుని అడిగి తెలుసుకునేవారు. దేవుడు మీకీ జబ్బు ఎందుకిచ్చాడో తెలిసిందా అని ఒకరు ఆవిణ్ణి అడిగారు నా ముందే. "జబ్బు ఎందుకొచ్చిందో తెలీదమ్మా, ఇక్కడికి ఎందుకొస్తున్నానో తెలుసు" అన్నారు. ఆవిడ బాగుపడలేదు. చివరిదాకా డయాలసిస్ మీదే ఉన్నారు.

అందుకే మీ కష్టానికి ఉద్దేశం ఇదీ అని ఎవరైనా మీకు ఖాయంగా చెప్తే నమ్మకండి, నేను చెప్పినా సరే. యోబు స్నేహితులు ఏడు రోజులు నేలమీద మౌనంగా కూర్చున్నంతసేపూ బాగున్నారు, వివరించడం మొదలుపెట్టాకే పాడైంది, మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదని దేవుడే వాళ్ళతో అన్నాడు. బిడ్డ పోయిన ఒక తల్లి ఇంట్లో నేనున్నప్పుడు ఒకరొచ్చి "దేవునికి ఆ పువ్వు కావాల్సొచ్చింది" అన్నారు. ఆవిడ ముఖం నాకింకా గుర్తుంది. అదే ఇంట్లో ఇంకొకావిడ ఏమీ మాట్లాడకుండా వంటగదిలోకి వెళ్ళి గిన్నెలన్నీ కడిగి వెళ్ళారు. ఏళ్ళ తర్వాత ఆ తల్లి తలుచుకునేది గిన్నెలు కడిగినావిణ్ణే.

ఇప్పుడు అలవాటు సంగతి. ఇక్కడ ఉపదేశం కంటే పద్ధతి ముఖ్యం, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

1 కొరింథీ 10:13 మీకు తెలిసే ఉంటుంది, శోధనతో పాటు తప్పించుకునే మార్గం కూడా దేవుడు కలగజేస్తాడని. నేను చూసినంతలో ఆ మార్గం చాలామందికి శోధన మధ్యలో కాకుండా దానికి ముందే ఉంటుంది, అప్పుడు చిన్నగా ఉండడంవల్ల కంటికి ఆనదు. రాజులు యుద్ధానికి వెళ్ళే కాలంలో దావీదు ఇంట్లో ఉండిపోయాడు, సాయంత్రం మేడమీద నడుస్తున్నాడు. అతన్ని పాపంలోకి లాగిన పరాయివాడి భార్య బత్షెబ కనబడకముందే కథ సగం అయిపోయింది. మీకు రాత్రి పన్నెండింటికి తప్పించుకునే మార్గం ఎక్కడుందని వెతక్కండి. తొమ్మిదింటికి ఉంది. ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌కి పెట్టడం, అలారం కోసమైతే మామూలు గడియారం కొనుక్కోవడం, అంతే. ఇది ఆత్మీయంగా అనిపించదు, కానీ యజమాని పోతీఫరు ఇంట్లో అతని భార్య పట్టుకున్నప్పుడు యోసేపు కూడా ఆ క్షణంలో ప్రార్థన చేసినట్టు రాయలేదు, వస్త్రం వదిలేసి పారిపోయాడని రాసుంది. అంతకుముందు దినదినం ఆమె అడిగినా దగ్గరికి కూడా పోలేదని కూడా రాసుంది, పారిపోయే బలం ఆ రోజుల్లో కూడినదే.

ఒక్కరికైనా చెప్పండి. అందరికీ కాదు, నోరు దాటనివ్వని ఒక్క మనిషికి, మగవారే అయితే మంచిది. లొయోలా ఇగ్నేషియస్ అని 16వ శతాబ్దపు భక్తుడున్నాడు, సైనికుడు, 1521లో పాంప్లోనా దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి మంచాన పడ్డప్పుడు దేవుని వైపు తిరిగాడు. శత్రువుకి రహస్యం కావాలి, విషయం మంచి ఆత్మీయ సలహాదారు దగ్గర బయటపెడితే వాడి పట్టు పోతుంది అని ఆయన రాశాడు. నా అనుభవంలో ఇంత నిజమైన మాట తక్కువ. ఈ అలవాటుతో వచ్చినవాళ్ళలో ఒంటరిగా పోరాడి బయటపడినవాణ్ణి నేను చూడలేదు. చెప్పుకున్న రోజు నుంచే తేలికపడ్డవాళ్ళని చూశాను, పూర్తిగా మానడానికి ఆ తర్వాత ఎంతకాలం పట్టినా సరే.

ఖాళీగా ఉన్న పగళ్ళ గురించి కూడా జాగ్రత్త. 4వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో ఉన్న సన్యాసి ఎవాగ్రియస్, మనిషిని పట్టే ఎనిమిది చెడు తలంపుల గురించి రాస్తూ, అందులో ఒకటి మధ్యాహ్నం వేళ వస్తుందని, పొద్దు అసలు కదలనట్టు, రోజుకి యాభై గంటలున్నట్టు అనిపిస్తుందని, కిటికీ వైపు చూస్తూ ఎవరైనా వస్తారా అని ఎదురుచూడడం మొదలవుతుందని రాశాడు. ఉద్యోగం లేనివాళ్ళు ఇది చదివితే నన్ను చూసే రాశాడు అంటారు. రాత్రి పడిపోవడానికి విత్తనం ఆ మధ్యాహ్నాల్లోనే పడుతుంది. కాబట్టి లేచే టైము, స్నానం, దరఖాస్తులు పంపే టైము, కాస్త నడక, ఒక కీర్తన, వీటికి గంట కట్టి పెట్టుకోండి. ప్రవక్త ఏలీయా నా ప్రాణం తీసుకో అని బదరీ వృక్షం కింద పడుకున్నప్పుడు దేవదూత ముందు ప్రసంగం చేయలేదు, లేచి భోజనం చేయమన్నాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు, మళ్ళీ తినమన్నాడు. నిద్ర, తిండి సరిగ్గా లేని మనిషికి శోధన రెట్టింపు బరువుగా ఉంటుంది.

పడిపోతే? పడిపోవచ్చు. అప్పుడు సాతాను చెప్పేది ఒకటే: ఎలాగూ పాడయ్యావు, ఈ రాత్రికి ఇక కానీయ్, రేపు చూద్దాం. అక్కడే ఆపండి, ఆ నిమిషంలోనే లేచి ముఖం కడుక్కుని ప్రభువా అనండి, అంతకంటే పొడవైన ప్రార్థన అక్కర్లేదు. పేతురుతో యేసు ఏమన్నాడో చూడండి, లూకా 22లో. సాతాను మిమ్మల్ని గోధుమల్లా జల్లించడానికి కోరుకున్నాడు, అయితే నీ నమ్మిక తప్పిపోకుండా నేను వేడుకున్నాను, నీ మనసు తిరిగాక నీ సహోదరుల్ని స్థిరపరచు అన్నాడు. యేసు ఎవరో నాకు తెలియదని పేతురు బొంకకముందే ఈ మాట చెప్పేశాడు. అంటే పడడం ఆయనకి ముందే తెలుసు, లేవడం కూడా తెలుసు, లేచాక చేయాల్సిన పని కూడా ముందే అప్పగించాడు. మీ ప్రశ్నకి నాకు దొరికే అతి గట్టి జవాబు ఈ రెండు వచనాలే. విశ్వాసం నిలిచింది మనం గట్టిగా పట్టుకున్నాం కాబట్టి కాదు. ఆయన వేడుకున్నాడు కాబట్టి నిలిచింది. పాపం లేనివాడైనా మనలాగే అన్ని విషయాల్లో శోధింపబడ్డాడు కాబట్టే మన బలహీనతలు ఆయనకి తెలుసని హెబ్రీ 4:15లో ఉంది.

సంతోషించాలి అని యాకోబు అన్నాడు కదా, నాకు సంతోషం రావట్లేదు అని బాధపడకండి. నవ్వుతూ ఉండమని కాదు. 13వ కీర్తన రాసిన దావీదు రెండు వచనాల్లో నాలుగుసార్లు ఎంతకాలం, ఎంతకాలం అని అడిగాడు. 88వ కీర్తన అయితే చీకటిలోనే ముగుస్తుంది, ఆఖర్లో ఆశ మాట కూడా లేదు, అయినా దాన్ని బైబిల్లో ఉంచారు. పౌలు తన శరీరంలో ముల్లులా గుచ్చే బాధని తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు, "నా కృప నీకు చాలును" అన్న మాట మాత్రం దొరికింది. దేవునితో ఏడవండి, కోపం వస్తే కోపమూ ఆయనకే చెప్పండి. మాట్లాడడం మానేయడమే ప్రమాదం.

కొన్ని హెచ్చరికలు, త్వరగా చెప్తాను, మీరే కాకుండా చదివే ఇంకెవరికైనా పనికొస్తాయి.

ఇంట్లో కొట్టే భర్తనో, హింసించే మనిషినో భరించడం "ఓర్పు" కాదు. ముందు అక్కడి నుంచి బయటపడండి, సాయం అడగండి. పారిపోయిన దావీదు విశ్వాసం లేనివాడు కాదు.

తాగుడు బాగా ముదిరినవాళ్ళు ప్రార్థన చేసి ఒక్కసారిగా మానేయకూడదు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ దగ్గరే మానాలి. అలాగే వారాల తరబడి నిద్ర లేకపోయినా, చనిపోవాలనే ఆలోచనలు వచ్చినా మానసిక వైద్యుణ్ణి కలవండి. మందు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు కాదు.

ఇంత కానుక వేస్తే శోధన తొలగిపోతుందని చెప్పేవాళ్ళకి దూరంగా ఉండండి. అది కూడా అడ్డదారే.

నేను బలంగా ఉన్నానో లేదో చూసుకుందాం అని శోధన దగ్గరికి మీరే వెళ్ళకండి. మమ్మల్ని శోధనలోకి తేవద్దని అడగమని ప్రభువే నేర్పాడు.

చివరిగా పాటలు నడిపించడం మానేయాలా అన్నారు. ఆ నిర్ణయం మీరు ఒంటరిగా, అందులోనూ పడిపోయిన రాత్రి మర్నాడు తీసుకోవద్దు. ఇందాక చెప్పిన ఇగ్నేషియసే ఇంకో నియమం పెట్టాడు, మనసు చీకటిగా ఉన్న కాలంలో అంతకుముందు చేసుకున్న మంచి నిర్ణయాలు మార్చవద్దని. పాస్టర్ గారికి చెప్పండి, ఆయన్నే నిర్ణయించనివ్వండి. నా అభిప్రాయం అడిగితే, కొన్ని వారాలు ముందు నిలబడి నడిపించడం ఆపమంటారేమో, అందులో మీకు మేలే ఉంది, దాపరికంతో పాడే బరువు తగ్గుతుంది. అయితే ఆదివారం రావడం మాత్రం ఆపకండి, వెనక వరసలో కూర్చునైనా అందరితో పాటు పాడండి. పేతురు బొంకాక కూడా యేసు ఆయనకి నా గొఱ్ఱెలను మేపుము అని మళ్ళీ అప్పగించాడు, కాకపోతే ముందు నిప్పుల దగ్గర కూర్చోబెట్టి భోజనం పెట్టి, మూడుసార్లు నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగాక.

పాస్టర్ గారితో ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలామంది వాయిదా వేస్తారు. "అయ్యగారూ, నాకు ఒక అలవాటు ఉంది, రాత్రుళ్ళు ఫోన్‌లో చూడకూడనివి చూస్తున్నాను, ఉద్యోగం పోయినప్పటి నుంచి ఎక్కువైంది, నాకు సాయం కావాలి" అనండి, ఇంత చాలు. ఆయన దగ్గర చెప్పడం కుదరదనిపిస్తే సంఘంలో వయసులో పెద్దవాళ్ళు, నోరు జారనివాళ్ళు ఎవరున్నారో చూడండి. వచ్చే డయాలసిస్ రోజున అమ్మగారితో పాటు ఆ నాలుగు గంటలూ కూర్చోండి, ఎలాగూ ఇప్పుడు ఆ సమయం మీకుంది. మాట్లాడాక ఏమైందో ఇక్కడే రాయండి, నేను చూస్తాను.